మెడలో కుంకుమ

నేను ఒక బేస్ గిటారును. తీగలు నాలుగే, మెడ పొడుగు, గొంతు బొంగురు. మామూలు గిటారుకు వరసకు పెద్దక్కను అవుతాను గానీ, ఆ మర్యాద నాకెవరూ ఇవ్వలేదు. పాటలో ఉన్నంతసేపూ నన్నెవరూ వినరు. ఆగిపోతే మాత్రం పాటకేదో అయిందని తలలు తిప్పి చూస్తారు. అలా బతికినదానికి దిగులు ఎక్కువే ఉంటుంది. నాకు మరీ ఎక్కువ.

పుట్టింది కలకత్తాలో, ఒక ఇరుకు కార్ఖానాలో. నా మెడ లోపల ఆ కొస నుంచి ఈ కొస దాకా ఒక ఇనుప కడ్డీ పెట్టారు. తీగలు మెడను ముందుకు లాగుతుంటే ఆ కడ్డీ దాన్ని వెనక్కి పట్టి ఉంచుతుంది. కడ్డీని బిగించే నట్టు నా తల దగ్గర చిన్న గుంటలో ఉంటుంది. నన్ను చేసిన మేస్త్రీ ఆ గుంట మీద మూత బిగిస్తూ, ఈ కడ్డీ విరిగిందంటే ఇక పొయ్యిలోకే అని పక్కవాడితో అన్నాడు. ఈ లోకంలో నేను విన్న మొదటి మాట అదే. ఇక నా మనసు కుదురుగా ఎలా ఉంటుందో మీరే చెప్పండి.

నన్ను కాకినాడ తెచ్చింది సత్తిరాజు గారు. లారీలు తిప్పే మనిషికి పాటల పిచ్చి పట్టి ఆర్కెస్ట్రా పెట్టారు. నన్ను వాయించేవాడు నూకరాజు. మంచి చెయ్యి. అయితే మా జట్టులో పెత్తనమంతా ఒక ముసలి హార్మోనియానిది. అది అసలు శ్రుతి కంటే అర మెట్టు పైన పలికేది. దాన్ని దించే వీలు లేదు కాబట్టి మేమంతా ఆ మెట్టు ఎక్కాల్సిందే. నూకరాజు నా తీగలు బిగించి బిగించి హార్మోనియం దగ్గరికి చేర్చేవాడు. మర్నాడు మళ్లీ పెళ్లో, చవితి పందిరో ఉంటుంది కదా అని వదులు చేసేవాడు కాదు. ఏళ్ల తరబడి ఆ లాగుడుకు నా మెడ కొద్దికొద్దిగా ముందుకు వంగుతూ వచ్చింది.

అది చాలదన్నట్టు దసరా ఒకటి. సత్తిరాజు గారు లారీలకు ఆయుధపూజ ఎలా చేసేవారో మాకూ అలాగే చేసేవారు. పసుపు, కుంకుమ, నిమ్మకాయ. ఒక ఏడాది సామర్లకోట పెళ్లిలో నా తల మీది మూత ఊడి ఎక్కడో పడిపోయింది. ఆ దసరాకు ఆయన కళ్లు తిన్నగా ఆ గుంట మీద పడ్డాయి.

"ఒరే నూకరాజూ, ఇక్కడ నట్టుందిరా! ఇనుమన్నాక నూనె పడద్దా?"

"కరెంటు సామానండీ బాబూ, నూనె పొయ్యకండి," అంటూ నూకరాజు చేతులు అడ్డం పెట్టాడు.

"లారీలో మాత్రం కరెంటు లేదేంట్రా?" అని దీపం కుందిలోని నువ్వుల నూనె నాలుగు చుక్కలు గుంటలో వేసి, పైన చిటికెడు కుంకుమ అద్దారు. ఆ ఏడాదితో మొదలై ప్రతి దసరాకూ అదే తంతు. నూనె చల్లగా లోపలికి జారుతుంటే నాకు ప్రాణం పోయినంత పనయ్యేది. ఈ మహానుభావుడి భక్తే నా కొంప ముంచుతుందని తిట్టుకునేదాన్ని.

తర్వాత కీబోర్డులు వచ్చాయి, ఆర్కెస్ట్రా మూతపడింది, సత్తిరాజు గారు కాలం చేశారు. ఆయన కొడుకు షామియానాల షాపు పెట్టి నన్ను అటకెక్కించాడు. వేసవిలో అక్కడ రేకుల వేడి. తీగలు తుప్పు పట్టాయి. ఎప్పుడైనా ఎవరైనా పైకి చూస్తే బాగుండును అనిపించేది, చూస్తే పొయ్యిలో పెడతారేమో అనీ అనిపించేది.

చూసింది హెప్సిబా. ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తుంది. చర్చి కూడికకు కుర్చీలు మాట్లాడడానికి వచ్చి, అటక అంచున నా తల చూసి అక్కడే నిలబడిపోయింది.

"దాని మెడ వంగిపోయిందండి, మీకెందుకు?" అన్నాడు కొడుకు. "మా నాన్నగారు దసరాకి దీనికి కూడా నూనె పోసి బొట్టెట్టేవారండి. అదో పిచ్చి."

ఆవిడ నవ్వి, బేరమాడకుండా నన్ను కొనుక్కుంది. నవ్విందే గానీ ఆవిడ లోపల నాకంటే ఎక్కువ దిగులుంది. ఆ చర్చిలో ఆడవాళ్లు పాడటమే తప్ప వాయించింది లేదు. మొదటిసారి బేస్ పట్టుకున్నది ఈవిడే, అదీ ఎరువు తెచ్చుకున్నది. దాని సొంతదారు అడిగి పట్టుకుపోయాడు. క్వయర్ నడిపే జయకర్ మాస్టారు మెత్తగానే చెప్పారట: "ఈస్టర్ నాటికి బేస్ లేకపోతే కీబోర్డులో వేసేసుకుందామమ్మా. నువ్వు కోరస్‌లో నిలబడు." ఒకసారి నిలబడితే మళ్లీ ముందుకు పిలవరని ఆవిడకు తెలుసు.

ఇంట్లో నా దుమ్ము తుడిచింది, కొత్త తీగలు కట్టింది. భర్త ఆశీర్వాదం తెగిన వైర్లు అతికాడు. గొంతు వచ్చింది. కానీ మెడ వంపు వల్ల తీగలు ఎత్తున నిలబడ్డాయి. ఎంత నొక్కినా స్వరం సరిగా పలకదు. వేళ్లు కమిలిపోయాయి. వాయిద్యాల షాపుకు తీసుకెళితే అక్కడి ఆయన గుంటలోకి చూసి పెదవి విరిచాడు. "లోపల నట్టు తుప్పు పట్టే ఉంటుంది. తిప్పితే కడ్డీ విరుగుద్ది. గోడకి తగిలించుకోండమ్మా, అందంగా ఉంటుంది."

ఈస్టర్ ముందు రోజు మధ్యాహ్నం నన్ను మంచం మీద దుప్పటి పరిచి పడుకోబెట్టారు. పక్కన పానా.

"పోనీలే హెప్సీ, కోరస్‌లో పాడితే మాత్రం ఏమైంది?" అన్నాడు ఆశీర్వాదం.

"ఏమీ కాదండీ. అందరూ ఇదే అంటారు, ఏమీ కాదని." ఆవిడ మంచం పక్కన కూర్చుంది. "మీరు మెడ పట్టుకోండి."

తీగలు వదులు చేసి, పిన్నీసుతో గుంటలోకి గీకింది. ఎర్రగా, జిడ్డుగా, గట్టిపడిన ముద్ద పెళ్లలు పెళ్లలుగా ఊడి వచ్చింది. అన్ని దసరాల కుంకుమా, నూనే. దాని అడుగున నట్టు మెరిసింది. తుప్పు మచ్చైనా లేదు.

హెప్సిబా ఆ పెళ్లను వేళ్లతో నలిపి చూసి, "ఆ పెద్దాయన పిచ్చి కాదండీ ఇది," అంది. పానా పెట్టింది, కళ్లు మూసుకుంది. మేస్త్రీ మాట నా చెవుల్లో మోగింది. విరుగుతున్నాననే అనుకున్నాను. నట్టు మెల్లగా, వెన్నలా, పావు చుట్టు తిరిగింది. ఆగి, చూసి, ఇంకో పావు. సాయంత్రానికి తీగలు మెడకు దగ్గరయ్యాయి. నాకు కన్నీళ్లుంటే ఏడ్చేదాన్ని. సత్తిరాజు గారికి చెప్పుకోవాలనిపించింది, ఆయన లేరు.

"మిగిలిన కుంకుమంతా గీకెయ్. మాస్టారు చూస్తే ఏమంటారో," అన్నాడు ఆశీర్వాదం.

"నట్టు చుట్టూ తీశానుగా, చాలు," అని ఆవిడ వంటింట్లోంచి నువ్వుల నూనె తెచ్చి ఒక చుక్క వేసింది.

ఈస్టర్ తెల్లవారుజామున చర్చి నిండా తెల్లచీరలు. హెప్సిబా ముందు వరసలో నన్ను భుజానికి తగిలించుకుని నిలబడింది. మొదటి స్వరం మీటింది. బల్లలు అదిరాయి. కీబోర్డు వైపు చూస్తున్న మాస్టారు ఇటు తిరిగారు, తలూపారు.

ఆ అదురుకు నా గుంటలోంచి కుంకుమ పొడి కాస్త రాలి ఆవిడ ఎడమచేతి మీదుగా దిగిన తెల్లటి పైట మీద పడింది. మాస్టారు చూశారు. ముందు బల్లల వాళ్లూ చూశారు. ఇక ఆవిడను కోరస్‌లోకి పంపేస్తారనే అనుకున్నాను. ఆవిడా చూసుకుంది.

దులుపుకోలేదు. రెండో స్వరం మీటింది.