బావ ఫోటో అద్దం

ఈ కథలో ఇంజనీరు ముందు ఏ గోడా అబద్ధమాడి ఎరగదు. వేలి కణుపుతో రెండుసార్లు కొట్టాడంటే చాలు, ఆ గోడ ఇంకెన్నాళ్లుంటుందో, ఏ ఏడు ఎంత డబ్బు తినేస్తుందో, కట్టిన రోజున మేస్త్రీకి ఒంట్లో బాగుందో లేదో కూడా చెప్పేసేవాడు. అందుకే అందరూ అతన్ని గోడల డాక్టరు అనేవారు.

ఆ డాక్టరుకి ఒక అక్క. చిన్నప్పుడు అతన్ని చంక దింపకుండా మోసింది ఆవిడే. మూడంతస్తుల పాత భవనంలో కింది వాటా ఆవిడది. మొగుడు పోయాక ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుంది. ఆ వీధిలో ఆవిడకి కొలతలివ్వని మనిషి లేడు. ఆవిడ ఆస్తల్లా ఆ వాటా, ఆ మిషను, గోడమీద మొగుడి ఫోటో.

భవనం పెచ్చులూడటం మొదలయ్యాక వాటాదార్లంతా కూడారు. ఇది ఇంకెన్నాళ్లు ఆగుతుంది, రాబోయే ఏళ్లలో దేనికెంత పెట్టాల్సొస్తుంది, ఎవరికైనా చూపించి రాయించుకుందాం అనుకున్నారు. పై అంతస్తు పెద్దాయనకి మాట కంటే ముందు దగ్గు వచ్చేది గనక దగ్గుతాత అని పేరు. బయటివాడెందుకు, కిందావిడ తమ్ముడున్నాడుగా, ఫీజు దగ్గర మొహమాటపడతాడు అన్నాడాయన. తమ్ముడు మొహమాటపడ్డాడు కూడా.

వచ్చి అంతా తిరిగి చూశాడు. వేలి కణుపుతో అన్నాను గానీ, అది ఉత్తదే. వేలితో కొడితే అతనికి గోడకీ గుమ్మానికీ తేడా తెలిసేది కాదు. సుత్తి, టార్చి, మెట్లెక్కితే ఆయాసం, ఇదీ అతని సరంజామా. డాబా మీద నీళ్లు నిలుస్తున్నాయి, గొట్టాలు కుళ్లాయి, స్లాబులో ఇనుము తుప్పు పట్టింది. ఇవన్నీ ఖర్చుతో తీరేవే. తీరుతుందో లేదో తెలియనిది అక్క వంటింట్లో కనబడింది. స్తంభం పక్కనుంచి గోడ ఏటవాలుగా చీలింది.

పాత చీలికైతే పూడ్చుకోవచ్చు. ఇంకా కదులుతున్నదైతే పునాది కుంగుతున్నట్టే, ఆపైన ఏ లెక్కలూ పనికిరావు. అది తేల్చడానికి అతను పలచటి గాజుముక్క ఒకటి చీలికకి అడ్డంగా పెట్టి, రెండువైపులా బంకతో అతికించి, మీద సిరాతో తేదీ వేశాడు. గోడ కదిలితే గాజు పగులుతుంది.

"వానలు వెళ్లేదాకా దీని జోలికి పోకక్కా. పగిలితే మాత్రం వెంటనే కబురు పెట్టు," అన్నాడు.

"పగిలితే ఏమవుతుంది?"

"అందరూ ఖాళీ చెయ్యాలి."

ఆవిడ తలూపి, పొయ్యి గట్టు తుడుచుకుంది. తుడిచిన చోటే మళ్లీ తుడిచింది.

వానలు దంచికొట్టి వెళ్లాయి. కబురు రాలేదు. అతను వచ్చి చూస్తే గాజు చెక్కుచెదరలేదు, తేదీ వేసింది వేసినట్టే ఉంది. గుండెల మీంచి బరువు దిగిపోయింది. అక్క మిషను పక్కనే కూచుని రిపోర్టు మొదలెట్టాడు. ముందు డాబా, తర్వాత గొట్టాలు, ఆ తర్వాత ఇనుము, ఏ ఏటికి ఎంత. దగ్గుతాత దగ్గడం కూడా మర్చిపోయి అతని వీపు తట్టి పోయాడు.

ఆఖరి పేజీలో ఉండగా తలెత్తితే ఎదురుగోడ మీద బావ. బావ మీసం మీద ఈగ. తోలేస్తే లేచి, మళ్లీ మీసం మీదే వాలింది. అతనే లేచి చేత్తో అదిలించబోతే వేలికి కాగితం తగిలింది. ఫ్రేముకి అద్దం లేదు.

అతను వంటింట్లోకి వెళ్లి టార్చి వేశాడు. గాజు మీద అంకెలు తను వేసిన తేదీవే, రాసిన చెయ్యి మాత్రం తనది కాదు.

వెనకే వచ్చి అక్క గుమ్మంలో నిలబడింది.

"ఎప్పుడు పగిలిందక్కా?"

"మొదటిది వానలు మొదలవగానే. తర్వాత పెట్టింది కిటికీ అద్దం, అదీ పోయింది. ఇది మీ బావది." గాజుకేసి చెయ్యి చూపించి అంది, "ఇది పగల్లేదు కదరా. మీ బావ ఆపాడు. అలాగే రాసెయ్యి."

"పైన పిల్లలున్నారక్కా."

"మరి నన్నెక్కడికి పొమ్మంటావు?"

"మా ఇంటికి."

"మీ ఇంటికి," అని ఆవిడ ఆ మాటనే తిరిగి అంది, గుడ్డ నాణ్యం వేళ్లతో చూసినట్టు.

రాసిన కాగితాలన్నీ చింపి, అతను ఒకే కాగితం రాశాడు, ఖాళీ చెయ్యండని. అక్కా తమ్ముడూ కలిసి భవనాన్ని ఎవడికో బేరం పెట్టేశారన్నాడు దగ్గుతాత. మిగతావాళ్లు అనకూడనివి కూడా అన్నారు. సామాన్లతోపాటు తిట్లూ మెట్లు దిగాయి. అందరి వెనకా అక్క వచ్చి, ఫోటో ఒళ్లో పెట్టుకుని బండెక్కింది. బండి వీధి మలుపు తిరిగిందో లేదో, వెనక భవనం మోకాళ్లు విరిగినట్టు కూలబడింది. తిట్టిన నోళ్లన్నీ దుమ్ముతో నిండిపోయాయి.

ఈ కూలడం మాత్రం నా కల్పన. తమ్ముడి పక్షాన ఎవరో ఒకరు ఉండాలి కదా అని నేనే కూల్చాను. నిజానికది కూలలేదు. గేటుకి తాళంతో, కిటికీల్లో పావురాలతో అలాగే ఉంది. అక్క మిషను తమ్ముడి వసారాలో ఉంది. తమ్ముడి వీధిలో ఆవిడకి కొలతలిచ్చేవాళ్లు లేరు. పొద్దు వాలగానే చెప్పులేసుకుని వెళ్లి, పాత గేటు ముందు నిలబడి చూసొస్తుంది. వచ్చి తమ్ముడితో ఒక్క మాట అంటుంది. రోజంతటికీ అదొక్కటే.

"ఇంకా నిలబడే ఉందిరా."