వీధి కరెంటు తినేదెవరు

ఎవరింట్లో కరెంటు ఎక్కువ లాగేస్తున్నారో ఇల్లిల్లూ తిరిగి తేల్చే పని వీధివాళ్ళు అదెల్మోకి అప్పగించారు. బడిలో ఫిజిక్సు చెప్పే మాస్టారాయె, ఆయనకంటే ఎవరికి తెలుస్తుంది అన్నారు. కాదనడానికి అదెల్మోకి నోరు రాలేదు. లాగేస్తున్నది తనే.

మొదట్లో అదేమంత పెద్ద వ్యవహారం కాదు. పరీక్ష పేపర్లు టైపు చేసుకునే పాత కంప్యూటరొకటి ఇంట్లో ఉండేది. తోటి మాస్టారొకాయన దాంట్లో ఓ ప్రోగ్రాము ఎక్కించి, ఇక దీన్ని ఆపకు, ఇది లెక్కలు చేస్తూ ఉంటే క్రిప్టో నాణేలు వాటంతటవే వచ్చి పడతాయని చెప్పిపోయాడు. వాళ్ళ ఊరు మరకైబోలో కరెంటు దాదాపు ఊరికే వస్తుంది. జీతమేమో చేతికొచ్చిన వారానికే ఆవిరైపోతుంది. తెరమీద మొదటి చిల్లర కనబడ్డప్పుడు అదెల్మో పసిపిల్లాడిలా మురిసిపోయాడు. ఆపైన ఆశ పుట్టింది. పాత గ్రాఫిక్స్ కార్డులు కొన్నాడు, ఒకటి చాలక మరొకటి. అవి పెనంలా కాలిపోతుంటే, తన పడగ్గదికి కూడా లేని ఏసీ వాటికి పెట్టించాడు. వెనకగదికి గడియ వేసేశాడు.

అప్పట్నుంచే వీధిలో బల్బులు ఎర్రబడ్డాయి, ఫ్యాన్లు నీరసించాయి. ఎదురింటి నెర్వా ఫ్రీజరులో ఐసు గట్టిపడటం మానేసింది. భర్త పోయాక ఆవిడ కొబ్బరి ఐసులమ్ముకునే బతుకుతోంది.

అదెల్మో ఇల్లిల్లూ తిరిగాడు. జనం ఏ దాపరికమూ లేకుండా బీరువాల వెనక ప్లగ్గులు కూడా చూపించారు. ఒకావిడ తన ఇస్త్రీపెట్టెని దొంగని పట్టిచ్చినట్టు తెచ్చి చేతికిచ్చింది. నెర్వా ఇంట్లో అతను ఫ్రీజరు వెనక చాలాసేపు కూర్చున్నాడు, లేస్తే ఆవిడ మొహం చూడాల్సొస్తుందని. చివరికి, "పాతది కదా పిన్నీ, కాస్త ఎక్కువే లాగుతుంది" అని గొణిగాడు. అది అబద్ధం కాదు. అంతకంటే నీచమైన మాట.

ఇంటికొచ్చాక సిగ్గు తినేస్తుంటే వెనకగదిలో ఏసీతో సహా అన్నీ ఆపేశాడు. తప్పు దిద్దుకున్నాను, ఎవరికీ తెలియలేదు, గట్టెక్కాననుకున్నాడు.

ఆ రాత్రే వీధంతా బల్బులు తెల్లగా వెలిగాయి. జనం మాస్టారి బుర్రని మెచ్చుకున్నారు. ఎందుకంటే అదే సాయంత్రం, అతని మాట నమ్మి, నెర్వా కూడా తన ఫ్రీజరు ప్లగ్గు పీకేసింది. ఇన్నాళ్ళూ మమ్మల్ని ఉక్కపోతలో ఉడికించింది నీ డబ్బానా అని ఇరుగుపొరుగు ఆవిణ్ణి ఆటపట్టించారు. కొందరిది ఆట కాదు.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడే ఓ గిన్నె పట్టుకుని వచ్చింది.

"పూర్తిగా కరిగేలోపు తినెయ్యి నాయనా, ఇవే ఆఖరివి. ఫ్రీజరు పాత ఇనుముకి ఇచ్చేస్తున్నా, బండివాడు వస్తానన్నాడు. నా మూలంగా ఇంతమంది అవస్థ పడుతున్నారని నాకేం తెలుసు? నువ్వు చెప్పబట్టి తెలిసింది."

అదెల్మో ఐసు ముట్టుకోలేకపోయాడు. ఆవిణ్ణి వెనకగదికి తీసుకెళ్ళి గడియ తీశాడు. బల్ల మీద వరసగా కార్డులు, గోడకి కొత్త ఏసీ.

"కరెంటు తిన్నది ఇవి పిన్నీ. నీ ఫ్రీజరు కాదు."

నెర్వా ఆ ఏసీ వంక చూసింది. తిట్టలేదు. తిడితే బాగుణ్ణనిపించింది అతనికి.

"మరి మా ఇంట్లో అంతసేపు కూర్చుని ఏం వెతికావు నాయనా?"

బయట పాత ఇనుము బండివాడు ఆవిడ తలుపు కొడుతున్నాడు. అదెల్మో వీధిలోకి వెళ్ళి, ఫ్రీజరు అమ్మడం లేదు పొమ్మన్నాడు. గుమ్మాల్లో నిలబడ్డ వాళ్ళందరికీ వినబడేలా, ఎందుకమ్మడం లేదో కూడా చెప్పాడు. చెబుతున్నంతసేపూ తలెత్తలేదు.