పద్దెనిమిది వాట్లు

మమతారాణి ఉట్నూర్ అవతల ఒక ఆశ్రమ పాఠశాలల నాలుగేండ్లు కంప్యూటర్ టీచర్‌గ పనిచేసింది. కాంట్రాక్టు కొలువు. ఆ నాలుగేండ్లల్ల ఆమె పిల్లలకు అన్నిటికన్న బాగ నేర్పింది కంప్యూటర్‌ను మూసేసుడు. కరెంటు పోంగనే యూపీఎస్ కూయవడుతది. ఎనిమిది నిమిషాలు టైముంటది. ఆ లోపల అందరు ఫైలు సేవ్ చేసి ఆఫ్ చెయ్యాలె. ఏడో తరగతి పిల్లలు నిమిషంన్నరల మూసేటోళ్లు. తెరుసుడు మాత్రం వాళ్లకు అంతగ అలవాటు గాలే.

యూపీఎస్ బాగుచేయనీకి కరీంనగర్ నుంచి అతీక్ వచ్చేటోడు. టవర్ సర్కిల్ దగ్గరి ఒక సందుల ఆయనకు కంప్యూటర్ రిపేర్ దుకాణమున్నది. నలభై దాటినోడు, మాట తక్కువ. ఐదోసారి వచ్చినప్పుడు యూపీఎస్ ముంగట బాసిపెట్లు వేసుకొని కూసొని, "మేడం, గిది ఖరాబైతలేదు. దీని మీద బరువెక్కువైంది. గీ కంప్యూటర్లు ఒక్కొక్కటి నూటా అరవై వాట్లు తింటున్నయి. పిల్లలు చేసే పనికి గంత అవసరం లేదు" అన్నడు.

"ఎంత సరిపోతది?" అని అడిగింది మమతారాణి.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పనీకి అతీక్‌కు పదకొండు నెలలు పట్టింది.

"పద్దెనిమిది" అన్నడు.

ఈ పదకొండు నెలల నడుమ మమతారాణి కాంట్రాక్టు ఒడిసింది. ఆమె కరీంనగర్ వచ్చి, ఆయన దుకాణం వెనుక అర్రల కూసొని, ఆయనతోని కలిసి ఆ పద్దెనిమిది వాట్ల కంప్యూటర్‌ను తయారుచేసింది. లోపల అరచెయ్యంత బోర్డు. తెర పాత ల్యాప్‌టాప్‌లది. కరెంటున్నా లేకున్నా పన్నెండు వోల్టుల బ్యాటరీ మీద నడుస్తది. పిల్లలు పాఠాలు చదువుకోవచ్చు, తెలుగుల టైపు చెయ్యొచ్చు, లెక్కల పట్టికలు గీయొచ్చు. తొమ్మిది తయారుచేసిండ్రు. నాలుగు అమ్ముడువోయినయి. అందుల రెండు అతీక్ చుట్టాలే కొన్నరు.

గప్పుడు అతీక్ భార్య నాజ్నీన్ టీవీల ఒక ప్రకటన చూసింది. కొత్త వ్యాపారాలల్ల పైసలు పెట్టే పెద్దమనుషులు జిల్లాలకు వస్తున్నరు, దరఖాస్తు పెట్టుకోండ్రి అని. వీళ్లిద్దరిని అడుగకుండనే ఫారం నింపి పంపింది.

పది దినాలకు చానెల్ నుంచి భూమిక అనే పిల్ల మమతారాణికి ఫోన్ చేసింది.

"మేడమ్, మీ నాన్నగారు బొగ్గు గనిలో పనిచేశారని రాశారు. ఆయన ఎలా పోయారు?"

"పోలే. రిటైరయిండు. గోదావరిఖనిల ఉంటడు."

"ఆరోగ్యం ఎలా ఉంది మరి?"

"బాగుంటడు. పొద్దుగాల నాలుగు కిలోమీటర్లు నడుస్తడు."

"సరే మేడమ్," అన్నది భూమిక, దొరికినదాంతోని సర్దుకునే గొంతుతోని. "ఆయన్ని కూడా తీసుకురండి. చూద్దాం."

మమతారాణి బాపు పేరు సారయ్య. ముప్పై ఒక్క ఏండ్లు బొగ్గుబాయిల దిగిండు. బిడ్డ పనిమీద ఆయనకు ఒక్కటే అభ్యంతరం.

"మేం బతుకంత బొగ్గు తోడి కరెంటు పంపితిమి. నువ్వేమొ కరెంటు వాడొద్దంటున్నవు. గిదేం తీరు బిడ్డా?"

"వాడొద్దంటలే బాపు. పైలంగ వాడుమంటున్న."

"నేను దిగినన్ని దినాలు ఊకుండి, రిటైరైనంక షురూ చేసినవు. అదొక్కటి నయం" అని సారయ్య ఇస్త్రీ అంగి తొడుక్కొని బస్సెక్కిండు.

షూటింగ్ కరీంనగర్ బైపాస్ రోడ్డు మీది ఫంక్షన్ హాల్ల. రెండు దినాల కిందట అక్కడ ఎవ్వలదో పెండ్లి అయింది. పైసలు పెట్టే ముగ్గురు పెద్దమనుషులను పెండ్లికొడుకు పెండ్లిబిడ్డ కూసునే ఎర్ర మఖ్మల్ కుర్చీలల్లనే కూసుండవెట్టిండ్రు. రెండే ఉన్నయి గాబట్టి మూడోది ఇంకో హాల్ నుంచి తెచ్చిండ్రు, అది జర పొట్టిగున్నది.

తొమ్మిదింటికి రమ్మన్నరు. వీళ్ల వంతు నాలుగింటికి వచ్చింది. నడుమ భూమిక ఒక పసుపుపచ్చ హెల్మెట్ పట్టుకొచ్చి సారయ్యకు ఇచ్చింది.

"ఇది పెట్టుకుని స్టేజీ మీదికి వస్తే బాగుంటుంది అంకుల్."

సారయ్య దాన్ని తిప్పి తిప్పి చూసిండు. "గిది ఇండ్లు కట్టే మేస్త్రీలది బిడ్డా. బాయి టోపీకి దీపముంటది. నాది రిటైరైననాడు స్టోర్ల అప్పజెప్పిన. రసీదు ఉన్నది, చూపియ్యాల్నా?"

రసీదు టీవీల కనవడదని భూమిక చెప్పింది.

మమతారాణి మొఖానికి పౌడర్ వేయించుకుంటున్నది. అతీక్ నమాజుకు పోయిండు. ఆ సందుల చానెల్ పనోళ్లు వచ్చి, కంప్యూటర్ డబ్బా ఉత్తగ బోసిగున్నదని, ప్రోగ్రాం పేరున్న పెద్ద స్టిక్కర్ దాని సుట్టు అతికిచ్చిపోయిండ్రు. ఎవ్వలు చూడలే.

స్టేజీ మీద మమతారాణి రెండు కంప్యూటర్లు పక్కపక్కన పెట్టి, రెండింటికి కరెంటు కొలిచే మీటర్లు తగిలిచ్చింది. పాతదాని మీటరు నూటా యాభై ఎనిమిది చూపెట్టింది. కొత్తది పద్దెనిమిది. గొంతు వణుకలే. నాలుగేండ్లు పాఠం చెప్పిన గొంతు అది.

హైదరాబాదుల సాఫ్ట్‌వేర్ కంపెనీ నడిపే నవత ముందుగాల అడిగింది. "ఈ రోజుల్లో ఇలాంటివి ఎవరు కొంటారు? అందరి చేతిలో ఫోన్ ఉంది."

"మీరు ఉత్తరాలు ఫోన్లనే టైపు చేస్తరా మేడమ్?"

"నేను చేయను. మా అసిస్టెంట్ చేస్తుంది."

"ఆమె దేంట్ల చేస్తది?"

"ల్యాప్‌టాప్‌లో."

"దాని బోర్డు పాడైతే పారెయ్యకుండ్రి మేడమ్, తెర మేం కొంటం" అన్నడు అతీక్. ఆయన స్టేజీ మీద అన్న మొదటి మాట అది.

పొట్టి కుర్చీల కూసున్నాయన ఓంప్రకాశ్. మిఠాయి దుకాణాలాయన. "అమ్మా, ఇప్పుడు కరెంటు బాగానే ఉంటోంది కదా?"

"ఇక్కడ ఉంటది సార్. అడవి ఊర్లల్ల గాలిదుమారం వస్తే చెట్టు తీగెల మీద పడుతది. బాగయ్యేదాక పిల్లలు పుస్తకంల కంప్యూటర్ బొమ్మ చూసి చదువుకుంటరు."

మూడో ఆయన ప్రేమ్‌సాగర్‌కు గ్రానైట్ క్వారీలున్నయి. ఆయన అడుగనీకి నోరు తెరిచిండు. గదే వక్తుకు కొత్త కంప్యూటర్ తెర నల్లవడ్డది. మీటర్ల పద్దెనిమిది పోయి సున్నా వచ్చింది.

ప్రేమ్‌సాగర్ సున్నా దిక్కు చూసి, "ఇప్పుడు ఇంకింత పొదుపైంది" అన్నడు.

అందరు నవ్విండ్రు. మమతారాణి డబ్బా మీద చెయ్యి పెట్టింది, చెయ్యి సుర్రుమన్నది. హడావిడిల పట్టించుకోనిది, గప్పుడు చూసింది స్టిక్కర్‌ను. గాలివోయే రంధ్రాలన్ని దాని కిందనే ఉన్నయి. నెత్తి మీద అంత పెద్ద లైట్లు.

అతీక్ గోరుతోని స్టిక్కర్ పీకవట్టిండు. ప్రోగ్రాం పేరు సగానికి చినిగింది. కింద నుంచి డైరెక్టర్ "కట్, కట్" అని ఒర్రిండు.

"కట్ చేయకుండ్రి సార్" అన్నది మమతారాణి. "గాలి ఆడక వేడైంది, దానంతట అదే ఆగింది. చల్లారనీకి ఆరు నిమిషాలు పడుతది. బడిలయినా గంతే పడుతది, మీ ముంగటయినా గంతే. కూసుండుండ్రి."

ఆ ముగ్గురిని ఎవ్వలన్న కూసుండుమని చెప్పి చాన దినాలైనట్టున్నది. కూసున్నరు.

ఆరు నిమిషాలంటే స్టేజీ మీద చాన పొడుగు. బయట జనరేటర్ చప్పుడు ఇనవడుతున్నది. ఓంప్రకాశ్ నీళ్లు తాగి, మల్ల తాగిండు. ఏం తోచక ప్రేమ్‌సాగర్ స్టేజీ మీద ఓ పక్కకు నిలవడ్డ సారయ్యను అడిగిండు, "పెద్దమనిషీ, మీ బిడ్డ కంప్యూటర్ మీద మీరేమంటరు?"

"నాకు కంప్యూటర్ రాదు సార్" అన్నడు సారయ్య. "బాయిల దిగేటప్పుడు మనిషికో బ్యాటరీ ఇచ్చేటోళ్లు. నడుముకు కట్టుకొని దిగేది. ఎనిమిది గంటలకు అదొక్కటే. పనికీ అదే, మల్ల పైకొచ్చే తొవ్వ చూపనీకీ అదే. దాని వెలుగు గింతంతే. ముప్పై ఒక్క ఏండ్లు నాకు తక్కువ గాలే." బిడ్డ దిక్కు మళ్లి, "గీమె చెప్పేది గిదే గావచ్చు. నాకు గిప్పటిదాక సమజ్ గాలే" అన్నడు.

కండ్లల్ల నీళ్లొస్తే భూమిక సంబురపడుతదని మమతారాణి మీటర్ దిక్కే చూసుకుంట నిలవడ్డది.

ఆరు నిమిషాల మీద పది సెకండ్లకు తెర వెలిగింది. మీటర్ల పద్దెనిమిది.

అయినా ఎవ్వలు పైసలు పెట్టలే. మార్కెట్ చిన్నదని నవత అన్నది. మనసు నిండింది గని మనసుతోని ధందా నడువదని ఓంప్రకాశ్ అన్నడు. ప్రేమ్‌సాగర్ మాత్రం, "కంపెనీల సగం నాకియ్యుండ్రి, పెడ్త. గని గీ బడులు, అడవులు ఇడిసిపెట్టి హైదరాబాద్ ఆఫీసులకు అమ్మాలె" అన్నడు.

మమతారాణి అతీక్ దిక్కు చూసింది. అతీక్ కెమెరాకు గూడ దొరకనంత మెల్లగ తలకాయ అడ్డం ఊపిండు.

"బడులను ఇడిసిపెట్టం సార్" అన్నది ఆమె.

బయటికొచ్చినంక జనరేటర్ పక్కన నిలవడి, "అతీక్ భాయ్, పెద్దపల్లిల ఒక ప్రైవేట్ బడిల పిలుస్తున్నరు. జూన్‌ల చేరుత" అని చెప్పింది. ఆ మాట ఆమె వారం సంది నోట్లెనే పెట్టుకున్నది.

"జూన్‌కు ఇంక నాలుగు నెలలున్నయి" అన్నడు అతీక్. మిగిలిన స్టిక్కర్ ముక్కలు పీక్కుంట కూసున్నడు.

మూడు వారాలకు ఆదివారం నాడు ప్రోగ్రాం వచ్చింది. వీళ్లది మొత్తం నాలుగు నిమిషాలు. కంప్యూటర్ బందైంది మూడుసార్లు చూపిచ్చిండ్రు, మూడుసార్లు డప్పు కొట్టిండ్రు. ఆరు నిమిషాలు ఎక్కడ కనవడలే, అందుకని కంప్యూటర్ మల్ల చాలై తెర వెలిగింది గూడ కనవడలే. ఆఖరుకు సారయ్య మాటలు వినవడుతుంటె, ఆయన పాత గుర్తింపు కార్డు ఫొటోను నలుపు తెలుపుల పెద్దగ చేసి, ఎనుక పిల్లనగ్రోవి ఊదిచ్చి, "ఒక కార్మికుని జ్ఞాపకం" అని అక్షరాలు ఏసిండ్రు. పోయిండని ఎక్కడ అనలే. ఉన్నడని గూడ అనలే.

తెల్లారి గోదావరిఖనిల ఇంటికి మనుషులు రావట్టిండ్రు. ఏడుపు మొఖాలతోని వచ్చినోళ్లకు సారయ్యనే తలుపు తీసిండు. "రాండ్రి, చాయ తాగుండ్రి" అన్నడు. ఆయన భార్య సమ్మవ్వ ఆ పొద్దు పదకొండుసార్లు చాయ పెట్టింది. పన్నెండోసారి పాలు ఒడిసినయి.

ప్రోగ్రాం చూడనీకి ఇంటికొచ్చిన మమతారాణికి ఫోన్లు. చుట్టాలు, దోస్తులు, పాత కొలీగ్స్. ఇంక పొద్దుండగనే, ఉట్నూర్ దిక్కు ఆమె పనిచేసిన బడి హెడ్మాస్టర్ అంతయ్య సార్ ఫోన్ చేసిండు.

"బాపు సంగతి టీవీల చూసినమమ్మా. చాన బాధయింది."

"బాపు మంచిగున్నడు సార్. పక్కనే ఉన్నడు, చాయ తాగుతుండు."

ఓదార్చనీకి ఫోన్ చేసిన మనిషి, ఎంటనే పెట్టేస్తే బాగుండదు. ఇంకేదన్న అడుగాలె గద.

"మరి కంప్యూటర్?" అన్నడు.

"అది గూడ మంచిగున్నది సార్. ఆరు నిమిషాలకు చాలైంది. ఆ ముచ్చట వాళ్లు చూపియ్యలే."

"నువ్వు పోయినంక మన కంప్యూటర్ గది తాళమే తీస్తలేమమ్మా. యూపీఎస్ పూర్తిగ సచ్చిపోయింది. ఆరు తీసుకొని రా. నెల దినాలు నడిపిచ్చి చూస్త. నడిస్తె ఉంచుకుంట, లేకుంటె జీపు కిరాయి నీదే."

ఆరు కావాలె, చేతిల ఐదే ఉన్నయి. అతీక్ చుట్టాల ఇంటికి వోయి, ఒకటి అడుక్కొచ్చిండు.

వచ్చే సోమారం అతీక్, మమతారాణి జీపుల ఉట్నూర్ తొవ్వ పట్టిండ్రు. కొండ మలుపులల్ల డబ్బాలు జారకుండ మమతారాణి రెండు చేతులతోని పట్టుకొని కూసున్నది. బడిల దిగినంక గది ఊడ్సి, బెంచీలు సర్ది, బ్యాటరీలు కలిపేసరికి పొద్దెక్కింది. ఎనిమిదో తరగతి పిల్లలొచ్చి ఇద్దరిద్దరు ఒక్కో తెర ముంగట కూసున్నరు. తమ ఊరి గురించి ఒక పేజీ టైపు చెయ్యమని చెప్పింది.

పదకొండున్నరకు కరెంటు పోయింది.

మమతారాణి తెరల దిక్కు చూసింది. అతీక్ గోడకు ఒరిగి చేతులు కట్టుకున్నడు. అంతయ్య సార్ తలుపుల నిలవడి, పిల్లలు ఎప్పటిలెక్క ఉరికురికి మూసేస్తరేమోనని చూస్తుండు. ఆరు తెరలు వెలుగుతున్నయి. పిల్లలు టైపు చేస్తనే ఉన్నరు. ఎవ్వలకు తెల్వనే తెల్వలే. జర సేపటికి నిఖిత అనే పిల్ల నెత్తి ఎత్తి పైన ఆగిన ఫ్యాన్ దిక్కు చూసింది.

"మేడం, ఉడుకవోస్తున్నది. ఫ్యాన్‌ను గూడ గిట్లనే చేయరాదా?"

మమతారాణి అతీక్ దిక్కు చూసింది. అతీక్ అంగి జేబుల నుంచి చిన్న నోట్‌బుక్కు తీసి, ఎంత సరిపోతదో ఆలోచించుకుంట ఫ్యాన్ రెక్కలు లెక్కవెట్టవట్టిండు.