తెర మీద లేని విమానం

పళ్ళ డాక్టరమ్మకి కోపమే రాదని ఆమె దగ్గర పళ్ళు పీకించుకున్నవాళ్ళంతా చెబుతారు. ఆ ఆదివారం విమానాల మైదానంలో ఉన్నవాళ్ళు మాత్రం ఆ మాట ఒప్పుకోరు.

ఆమె, ఆమె అక్క భర్త కలిసి కొనుక్కున్న నాలుగు సీట్ల పాత విమానం ఒకటుంది. సెలవు రోజుల్లో ఆమె నడుపుతుంది, మిగతా రోజుల్లో బావ. ఆ రోజు ఆమె ఒక్కతే తిరిగొచ్చి దిగబోతుంటే, ఎడమవైపు నుంచి ఓ తెల్ల విమానం సరిగ్గా ఆమె విమానం కిందుగా దూసుకుపోయింది. అందులో మనిషి టోపీ రంగు కూడా కనిపించింది. వెంట్రుకవాసిలో తప్పింది. దిగాక నేరుగా ఆ తెల్ల విమానం దగ్గరికి నడిచి, దాన్ని నడిపిన రిటైరైన లెక్కల మేష్టారిని పదిమందిలో కడిగేసింది. కళ్ళు నెత్తికెక్కాయా అంది. ఆయన తన విమానంలో, చుట్టూ ఎగిరేవి చుక్కలుగా కనబడే తెర చూపించి, మీరు దీని మీద లేరమ్మా అన్నాడంతే. ఆమెకది వట్టి సాకులా వినిపించింది.

చుట్టుపక్కల ఎగిరే విమానాల్ని చూపించే పరికరం మనకీ కావాలని ఆ సాయంత్రమే బావతో చెప్పింది. దమ్మిడీ ఖర్చుకి కూడా వారం ఆలోచించే బావ వెంటనే ఒప్పుకున్నాడు. తనకు తెలిసిన డీలరు ఉన్నాడని, మరుసటి శనివారమే షెడ్డుకి పిలిపించాడు.

డీలరు నున్నగా దువ్విన మనిషి. అరచేతిలో పట్టే డబ్బా, దానికో తెర తెచ్చాడు. విమానం నడిపేది, కొనేది డాక్టరమ్మ అని చెప్పినా, మాట మాత్రం బావతోనే. నలభై మైళ్ళ మేర ఆకాశంలో ఈగ ఎగిరినా దీనికి తెలుస్తుంది సార్, వాడకం కూడా తేలికే, ఆడవాళ్ళు సైతం నేర్చుకోవచ్చు అన్నాడు. ఆమె విమానం నడపబట్టి పదకొండేళ్ళు. ఒళ్ళు మండినా తమాయించుకుని, సిగ్నల్ పంపి నేనిక్కడున్నానని చెప్పుకోని విమానాన్ని ఇదెలా కనిపెడుతుందని అడిగింది. ఆయన నవ్వి, అవన్నీ టెక్నికల్ విషయాలు మేడం అన్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

"అయితే పైకి వెళ్ళి చూద్దాం రండి," అంది.

బావ ఏదో ఫోనుందని కిందే ఉండిపోయాడు. డీలరు ఆమె పక్కన డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తెర మీద ఎక్కడో మేఘాల పైన వెళ్ళే పెద్ద విమానాలు ఏడు కనిపించాయి. అవి వీళ్ళ జోలికొచ్చేవి కావు. పొలాల మీదికి వచ్చేసరికి కుడివైపున, మందు చల్లే పసుపు విమానం ఒకటి గిరుక్కున తిరిగి పైకి లేచింది. డాక్టరమ్మ పక్కకి తప్పించి, తెర వైపు వేలు చూపించింది. అక్కడ చుక్క కూడా లేదు.

"వాడి విమానంలో సిగ్నల్ పంపే పరికరం లేదు మేడం. తప్పు వాడిది," అన్నాడు డీలరు, సీటు గట్టిగా పట్టుకుని.

"ఢీకొంటే చచ్చేది ఇద్దరం. ఇది ఈగను కూడా చూస్తుందన్నది మీరు," అంది.

కిందికి దిగాక డీలరు చెమట తుడుచుకుంటూ కారెక్కి వెళ్ళిపోయాడు. ఇంత అబద్ధం ఎలా అమ్ముతారని ఆమె షెడ్డులో అటూ ఇటూ తిరుగుతుంటే, అంతసేపూ చేతులు తుడుచుకుంటూ నిలబడ్డ మెకానిక్ మెల్లగా అన్నాడు:

"ఆ పసుపు విమానం సంగతి సరేనమ్మా. మనది కూడా ఏ తెర మీదా కనబడట్లేదు. మూడు నెలలయింది."

మన విమానం ఎక్కడుందో చుట్టూ ఉన్నవాళ్ళకి చెప్పే పరికరం మూగబోయిందని, పరీక్షించి రికార్డు పుస్తకంలో రాశానని, బాగయ్యేదాకా ఎగరొద్దన్నానని, సార్ చూసి సంతకం కూడా పెట్టారని చెప్పాడు. ఆయనే మీకు చెబుతానన్నారమ్మా అని తల దించుకున్నాడు.

బావ దొంగకు తేలు కుట్టినట్టు ఫోన్ చూసుకుంటున్నాడు.

"అది చిన్న రిపేరే. పుస్తకం ఇంటికి తీసుకెళ్ళా, ఎప్పుడో చేయిద్దామని. ఎటూ కొత్తది కొంటున్నాం కదా," అన్నాడు.

అప్పుడర్థమైంది ఆమెకి, ఆయన అంత త్వరగా ఎందుకు ఒప్పుకున్నాడో: కొత్తది కొంటే పాతది చెడిన సంగతి బయటపడదని. కొత్త డబ్బా ఊరికే వింటుంది, మాట్లాడదు. అది కొన్నా వీళ్ళ విమానం మిగతావాళ్ళకి కనబడదు. ఆ సంగతి తెలిసీ బావ దాచాడు. మేష్టారు చెప్పింది అక్షరాలా నిజం.

ఆమె అరవలేదు. అక్కావాళ్ళింటికెళ్ళి ఆ పుస్తకం తీసి, సంతకమున్న పేజీ అక్క ముందు పెట్టి, సంగతంతా చెప్పింది. విమానాల గురించి ఎప్పుడూ పట్టించుకోని అక్క ఆ నాలుగు లైన్లూ రెండుసార్లు చదివింది. తర్వాత భర్తని ఒక్కటే అడిగింది: "ఈ మూడు నెలల్లో పిల్లల్ని ఎన్నిసార్లు ఎక్కించారు?"

ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టసాగాడు. అది పూర్తయ్యేలోపే అక్క చెయ్యి చాపి విమానం తాళం తీసుకుంది.

మరునాడు పొద్దున్నే డాక్టరమ్మ మేష్టారి ఇంటికెళ్ళింది. పదిమందిలో తిట్టాను కాబట్టి క్షమాపణ కూడా పదిమందిలోనే చెబుతానంది. ఆయన వద్దన్నా వినకుండా, ఆ రోజే మైదానంలో అందరూ టీ తాగేచోట నిలబడి చెప్పింది.

మూగబోయిన పరికరాన్ని ముందు మార్పించింది. చూపించే పరికరం కోసం నలుగురు డీలర్లకి ఫోన్ చేసి, మీ సరుకుకి ఏవి కనబడవో చెప్పండని అడిగింది. ముగ్గురు అన్నీ చూస్తుందన్నారు. నాలుగో ఆవిడ మాత్రం ఓపిగ్గా వివరించింది: తమది చుట్టూ ఉన్న విమానాల్ని తనే పలకరించి జవాబు రాబట్టే రకం, కానీ జవాబిచ్చే పరికరమే లేనివి దానికీ కనబడవు, వాటికి మీ కళ్ళు, రేడియోలో మీ మాటే దిక్కు. డాక్టరమ్మ అదే కొంది. పసుపు విమానం నడిపే అతన్ని కలిసి, పొలాల మీదికొచ్చే ముందు రేడియోలో ఒకరికొకరు చెప్పుకునేలా మాట తీసుకుంది.

బావ ఇప్పుడు ఎగరాలంటే ముందు అక్కని తాళం అడగాలి. ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతమా అని చుట్టాల దగ్గర వాపోతుంటాడట. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా డాక్టరమ్మకి మళ్ళీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది.