రెండోసారి తాకని రేక

మా అక్క మణికట్టు విరిగి, కట్టు విప్పాక మొదటిసారి కుంచె పట్టిన రోజది. ఆ చెయ్యి ఇదివరకటిలా తిరగదని డాక్టరు ముందే చెప్పేశాడు. "ఇవాళ ఒక్క గులాబీ రేక సరిగ్గా పడకపోతే రంగులన్నీ ఎవరికైనా ఇచ్చేస్తాను," అంది అక్క పొద్దున్నే ఫోన్లో. అన్నంత పనీ చేసే మనిషి. అందుకే ఇంట్లో పనంతా మా ఆయన నెత్తిన పడేసి వచ్చి కూర్చున్నాను.

కిటికీ పక్కన గాజు సీసాలో తెల్లగులాబీలు. గదంతా అవిసె నూనె, టర్పెంటైన్ వాసన. తెల్లపువ్వుకి తెల్లరంగుంటే చాలదా అనుకునే మొద్దుని నేను. అక్క రంగుల పలక మీద చూస్తే బూడిదరంగు, లేతాకుపచ్చ, పాలిపోయిన పసుపు ఉన్నాయి. అసలు తెలుపు కాస్తంతే.

కుంచెకి ఒక అంచున నీడరంగు, రెండో అంచున తెలుపు అద్దుకుని, చట్రానికి బిగించిన కాన్వాసు బట్ట మీద ఒక్క ఊపులో లాగుతుంది అక్క. లాగుతూ మణికట్టు తిప్పితే రేక అంచు ముడుచుకుంటుంది. మళ్ళీ తాకితే రెండు రంగులూ కలిసి బురదైపోతాయి.

మొదటిసారి బురదే అయింది. చాకుతో గీకేసింది. రెండోసారీ అంతే. మణికట్టు సగం తిరిగి మొరాయిస్తోంది.

"సన్న కుంచెతో మెల్లగా దిద్దుకోరాదూ?" అన్నాను ఉండబట్టలేక.

"దిద్దితే పువ్వుకి కట్టు కట్టినట్టుంటుందే," అంది. నవ్వబోయాను గానీ, ఆమె మణికట్టు ఒత్తుకుంటోంది.

చాలాసేపు పువ్వు వంకే చూసి, కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. అన్నిటికన్నా వెడల్పు కుంచె తీసింది.

"గోడకి వెల్ల వేస్తావా ఏంటి?"

"నోర్ముయ్యి."

మణికట్టు బిగబట్టి, భుజంతో, నడుముతో, ఒళ్ళంతా కలిపి తిరిగింది. కుంచె బట్టని తాకింది, జారింది, లేచింది. అంతే.

రేక పుట్టింది. అంచున రంగు మందంగా నిలిచి కిటికీ వెలుగుని పట్టుకుంది. దాని కింద నీడ ఎంత పల్చబడిందంటే బట్ట నేత కనిపిస్తోంది. ముక్కు ఆనించి చూస్తే రంగు చార, రెండడుగులు వెనక్కి వేస్తే ఇప్పుడే విచ్చుకున్న గులాబీ. దేవుళ్ళని పెద్దగా పట్టించుకోని నాకు చేతులు జోడించాలనిపించింది. కళ్ళు తుడుచుకుంటూ అక్కని కావలించుకోబోయాను.

ఆమె అప్పటికే కుంచెకి మళ్ళీ రంగు అద్దుతోంది.

"పక్కకి జరగవే, వెలుతురుకి అడ్డంగా నిలబడ్డావు. ఇంకా బోలెడు రేకలున్నాయి."