గోటి తలంబ్రాలు

భజన మందిరం అరుగు మీద కూర్చున్న బతుకమ్మ ఇంకో వడ్లగింజ తీసి, బొటనవేలి గోటి మొనతో నెమ్మదిగా చీల్చింది. లోపలి బియ్యపుగింజ విరక్కుండా పళ్లెంలో పడింది. రామ రామ అనుకుని మరొకటి తీసింది.

భద్రాచలం రాములవారి కల్యాణానికి వెళ్లే తలంబ్రాల బియ్యం అవి. రోకలి పోటు పడకూడదు, మర తగలకూడదు, గోటితోనే ఒలవాలి. సారపాకలోని ఒక కాలనీ భక్త సమాజం అధ్యక్షుడు నాగరాజు ఇదంతా మైకులో చెప్పి, ఆడవాళ్లకు తలా ఇన్ని వడ్లు పంచాడు. భక్తి మహా జోరుగా మొదలై ఫొటోలు దిగేదాకా సాగింది. తర్వాత గోళ్లరంగు పోతోందని ఒకామె, నడుం పట్టేసిందని ఒకామె, సంచులన్నీ తెచ్చి కాలనీ ఊడ్చే బతుకమ్మ ముందు పడేశారు. పుణ్యం మాత్రం ఎవరిది వాళ్లకేనట!

దేవుడి పెళ్లికీ కూలిమనిషే కావాలి వీళ్లకు అనుకుంది బతుకమ్మ. అయినా కాదనలేదు. మణుగూరు అవతలి అడవిపల్లె నుంచి మొగుడు ఆమెను తీసుకొచ్చినప్పుడు పసుపుతాడు కట్టాడు, అంతే. పందిరి లేదు, తలంబ్రాలు లేవు. ఆ మొగుడూ పోయాడు. ఈ చేతులతో ఒలిచిన బియ్యం ఒక్కసారి తన నెత్తిన పెట్టుకుని, గోదావరి వంతెన దాటి, గుళ్లో దించాలి. బతుకులో ఆమె గట్టిగా కోరుకున్నది ఇదొక్కటే. నెత్తిన మోసుకెళ్లే తలంబ్రాల కుండల్లో ఒకటి నీదేనని నాగరాజు మాట కూడా ఇచ్చాడు. పొద్దుటి నుంచి ఎడమచెయ్యి లాగుతున్నా, గుండెల మీద బండ పెట్టినట్టున్నా, దవాఖానాకు పోకుండా ఒలుస్తున్నది అందుకే.

మధ్యాహ్నం ఆడవాళ్లంతా ఒకే రంగు పట్టుచీరల్లో భజన మందిరానికి వచ్చారు. కుండలు నింపారు. నాగరాజు భార్య శోభారాణి బతుకమ్మ కుండ తీసి, సత్తుపల్లి నుంచి వచ్చిన తన చెల్లెలి నెత్తిన పెట్టింది. అందరూ ఒకే రంగు చీరల్లో ఉంటేనే వీడియో బాగా వస్తుందట. బతుకమ్మను మాత్రం అరుగు ఊడ్చి, తర్వాత ఆటోలో రమ్మంది. నాగరాజు కండువా సర్దుకుంటూ అటు తిరిగాడు. చెవులు ఎప్పుడు పనిచేయకూడదో ఆ పెద్దమనిషికి బాగా తెలుసు.

"వొలిచేటప్పుడు నా గోర్లకు లేని మైల, ఇప్పుడు నెత్తికి ఏడికెల్లి వచ్చిందమ్మా?" అంది బతుకమ్మ, గొంతు పెంచకుండానే.

"మైలని ఎవరన్నరే? చీర లేదన్నం, గంతే" అంది శోభారాణి.

మేళం కదిలింది. బతుకమ్మ చీపురు ముట్టలేదు. స్తంభానికి వీపు ఆనించి, రామనామం వంతెన వైపు వెళ్లిపోతుంటే విన్నది. థూ అనుకుంది, రాముణ్ని కాదు, వాళ్లను. ఆ తర్వాత కళ్లు మూసుకుంది.

సాయంత్రం అందరూ ప్రసాదాలతో తిరిగొచ్చేసరికి వాచ్‌మన్ పిచ్చయ్య ఎదురొచ్చి, బతుకమ్మను లేపితే లేవడం లేదని చెప్పాడు. శోభారాణి అయ్యో అంటూనే కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని వెనక్కి జరిగింది. నాగరాజు ముందు మందిరం తలుపులు మూయించాడు, పండుగ ముందు అంటు తగలకూడదు కదా. ఆ తర్వాతే ట్రాలీ ఆటో పిలిపించి శవాన్ని ఆమె పల్లెకు పంపించాడు.

మర్నాడు హారతికి వచ్చినవాళ్లు పైకి ఎక్కలేక మెట్ల దగ్గరే ఆగిపోయి, ఇక ఊడ్చేదెవరన్నట్టు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అరుగు నిండా బతుకమ్మ ఒలిచిన వడ్ల ఊక, గాలికి గడప దాకా కొట్టుకొచ్చి ఉంది.