దిమ్మిస కింద పేరు

యుద్ధం నడుస్తున్న రోజులు. బెంగళూరు బయట ఇటలీ ఖైదీల క్యాంపులో వంటశాలకు సున్నం గచ్చు వేసే పని మా ముఠాకు దొరికింది. దిమ్మిసలతో నేల కొట్టడానికి ఎదురెదురుగా ఇద్దరు నిలబడాలి. ఒకరిది పడేటప్పుడు మరొకరిది లేవాలి. నా ఎదుట ఎప్పుడూ నా భార్యే నిలబడేది. ఆ ఏడు జ్వరంతో పోయింది. తర్వాత నాకు జోడీ కుదరలేదు. మేస్త్రీ జయరామప్ప నన్ను మూలలు కొట్టుకోమని వదిలేశాడు.

ఖైదీల్లో కార్మెలో అని ఒకడు. పొద్దంతా గోడకు ఆనుకుని కూర్చునేవాడు. ఒకరోజు లేచొచ్చి నా ఎదుట నిలబడ్డాడు. కాపలా సిపాయి చూసి ఊరుకున్నాడు. కానీ రెండు దిమ్మిసలూ ఒకేసారి పడి కొట్టుకున్నాయి.

"ఏమప్పా సొన్నప్పా, కాళ్లు ఇరగ్గొట్టుకుంటారా? ఇంకోతూరి తగిలితే ఆ తెల్లోణ్ని పంపించేస్తా," అన్నాడు జయరామప్ప.

"ఉండనీ అన్నా. నేర్చుకుంటాడు."

దిమ్మిస కొడుతూ మేము పాడే పాటలో మాట మొదట్లోనే దెబ్బ పడుతుంది. అది అతనికి అందలేదు. గుండె మీద చెయ్యి పెట్టుకుని తన భార్య పేరు చెప్పాడు, అస్సుంత. తొడ మీద తట్టి ముక్కలు చేశాడు. అస్. సున్. త. బరువంతా నడిమి ముక్క మీదే. అక్కడ గొంతు సాగింది. మొదటి ముక్కకు నేను కొట్టాను, రెండోదానికి అతను. మూడోదానికి ఇద్దరివీ పైకి. తగల్లేదు.

"ఎవరి పెండ్లామునో ఇద్దరూ పిలుస్తా ఉండారే!" అని పక్క జోడీలోని రత్నమ్మ నవ్వింది.

నీ భార్య పేరేమిటని కార్మెలో సైగ చేశాడు. నేను ఏనాడూ ఆమెను పేరు పెట్టి పిలవలేదు. ఏమే అంటే పలికేది. రత్నమ్మే చెప్పింది, పిల్లమ్మ అని.

పిల్. లమ్. మ. నడుమ బరువు వేసి అతను పలికాడు. మాలో ఎవరూ అట్లా పలకరు. ఆ పేరు నా నోట రాకపోయినా చెయ్యి మాత్రం ఆగలేదు. ఆ తర్వాత రోజూ పొద్దున అతని భార్య పేరు, సాయంత్రం నా భార్య పేరు.

గచ్చు అయిపోయింది.

"ఈడ ఇంకేమన్నా పని ఉండాదా అన్నా?" అని మేస్త్రీని అడిగాను.

"యాడుండాది? రేపు కుందలహళ్ళి."

కార్మెలో మళ్లీ గోడ దగ్గరికి పోయి కూర్చున్నాడు.

కుందలహళ్ళిలో మేస్త్రీ చౌడమ్మను నా ఎదుట నిలబెట్టాడు. చెయ్యి చురుకైన పిల్ల.

"ఏం పాట పాడదాం మామా?"

"ఏమొద్దు. పాట లేకుండా సుమ్మనె కొట్టమ్మా."

ఆమె కొట్టింది. నేనూ కొట్టాను. మధ్యాహ్నం సంగటికి పిలిచేదాకా దిమ్మిసల చప్పుడే వినిపించింది.